శనివారం ప్రశ్నలు

మా ఊళ్లో ప్రభు భోజన సంస్కారం జరిగే ఆదివారం కంటే, దాని ముందు వచ్చే శనివారం సాయంత్రమంటేనే పెద్దవాళ్లకు టెన్షన్. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని, కీర్తనలు పాడి, బలిపీఠం ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటే అయిపోయేది. శనివారం అలా కాదు. సిద్ధపాటు ఆరాధనకు వచ్చి, తాతయ్య ముందున్న పొడుగాటి నోటుబుక్కులో పేరు రాయించుకోవాలి. అంతకంటే ముందు ఆయన చదివే ప్రశ్నలు వినాలి. పేరు లేనంత మాత్రాన మర్నాడు రొట్టె ఇవ్వరని కాదు. కానీ ఫలానావాళ్లు పేరు ఎందుకు రాయించుకోలేదో తెల్లారేసరికి పేటంతా చెప్పుకునేది.

మాది పల్నాడు, గురజాల వైపు. నేను చెప్పేది 1970ల చివరి సంగతి. తాతయ్య మా ఊరి లూథరన్ సంఘానికి ఉపదేశి. పొద్దున మిషన్ బడిలో అన్ని తరగతులకూ ఆయనే పంతులు. సాయంత్రం గుడి గంట కొట్టేదీ, పెళ్లికైనా చావుకైనా ముందు కబురందేదీ ఆయనకే. పాస్టర్ అయ్యగారికి చుట్టుపక్కల చాలా ఊళ్లుండేవి కాబట్టి మా వంతు రెండు నెలలకోసారి వచ్చేది. ఆ శనివారం అయ్యగారు బస్సు దిగేసరికి నాయనమ్మ కోడికూర వండి ఉంచేది. గుడి ముందు పెట్రోమాక్స్ లైటు వెలిగించేవాళ్లు. పిల్లలం ఆ లైటు చుట్టూ పురుగుల్లాగే ఎగబడేవాళ్లం. టెన్షనంతా పెద్దవాళ్లది, పండగ మాది.

మా పెద్దవాళ్లకు ఒక గర్వం ఉండేది. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. 1849లో పల్నాడు వచ్చి గురజాలలో కాపురం పెట్టాడు. తాతయ్య ఆ కథ సొంత మేనమామ కథలా చెప్పేవాడు. అందుకని మా వాళ్లు ఎక్కడికెళ్లినా "మాది హయ్యర్ దొర కాలం నాటి సంఘమండీ, నాలుగు తరాల క్రైస్తవులం" అనేవాళ్లు. నిన్న మొన్న బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ముందు బెంచీలో కూర్చుంటే చిన్నచూపు చూసేవాళ్లు. ఒకసారి మా పెదనాన్న ఇదే మాట అంటే, తాతయ్య బాప్తిస్మమిచ్చు యోహాను మాట ఎత్తాడు. అబ్రాహాము మాకు తండ్రి అని చెప్పుకోకండి, దేవుడు ఈ రాళ్లలోంచి కూడా అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడు అన్నాడు కదా ఆయన. "పల్నాట్లో రాళ్లకేం కొదవరా," అన్నాడు తాతయ్య. పెదనాన్న మళ్లీ ఆయన ముందు ఆ తరాల లెక్క తీయలేదు. బయట మాత్రం తీసేవాడు.

ఆ ప్రశ్నలు తాతయ్య సొంతవి కావు. మా సంఘానికి పేరిచ్చిన జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలోవి. ఆ పుస్తకం ఎలా పుట్టిందో చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1528 ప్రాంతంలో లూథర్ జర్మనీలోని సాక్సనీలో ఊరూరా తిరిగి సంఘాలను చూసి వచ్చాడు. అందరూ క్రైస్తవులమనే చెప్పుకుంటున్నారు, బాప్తిస్మం ఉంది, సంస్కారం తీసుకుంటున్నారు. కానీ చాలామందికి పరలోక ప్రార్థన రాదు, పది ఆజ్ఞలు తెలియవు, కొన్నిచోట్ల చెప్పాల్సిన పాస్టర్లకే చేతకాదు. ఆ బాధతో 1529లో ఆ పుస్తకం అచ్చు వేయించాడు. ముందుమాటలో ఆ సంగతి ఏమీ దాచకుండా రాశాడు. మేము మాత్రం ఆ పుస్తకాన్ని కంఠతా పట్టి, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అప్పజెప్పి, ఒక్కో జవాబుకి తాతయ్య చేతి బెల్లం ముక్క తీసుకుని పరుగెత్తేవాళ్లం. నిద్రపోతున్నవాళ్లను లేపడానికి రాసిన పుస్తకం మాకు అలా బెల్లం ముక్కల లెక్క అయింది.

అందులో పాపపు ఒప్పుకోలు గురించిన భాగం ఒకటుంది. ఏ పాపాలు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నకు లూథర్ పాపాల పట్టిక ఇవ్వడు. ముందు నువ్వెవరో చూసుకో అంటాడు. తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా? ఆ స్థానంలో ఉండి పది ఆజ్ఞల ముందు నిలబడు. మాట వినకుండా ఉన్నావా, నమ్మకంగా పనిచేయలేదా, బద్ధకించావా, మాటతో గానీ చేతతో గానీ ఎవరినైనా నొప్పించావా, దొంగిలించావా, పాడుచేశావా? యజమాని ఎలా ఒప్పుకోవాలో కూడా నమూనా ఇచ్చాడు. ఎక్కువ ధరకు అమ్మాను, నాసి సరుకిచ్చాను, కొలత తక్కువ కొలిచాను, ఇలా సాగుతుంది.

తాతయ్య దీన్ని పల్నాడుకి దించేవాడు. పుస్తకం చదివి, కళ్లజోడు పైకి తోసి, కాసేపు ఆగి, తన మాటల్లో మొదలుపెట్టేవాడు. మిరపకోతకు పోయినవాళ్లు ఆసామి చూసినప్పుడు ఒకలా, చూడనప్పుడు ఒకలా కోశారా? మేస్త్రీగా ఉన్నవాళ్లు కూలీల డబ్బులో ఎంత మిగుల్చుకున్నారు? కొడుకు పంపిన మనియార్డరు కోడలికి చెప్పకుండా దాచిన అత్తలెవరు? కోడలు పుట్టింటికి వెళ్లి ఈ ఇంటి గురించి ఏం చెప్పి వచ్చింది? పొగాకు బేరంలో తడి చుట్టలు అడుగున పెట్టి కట్ట కట్టారా? పేర్లు ఎత్తేవాడు కాదు. ఎత్తాల్సిన పనీ లేదు. ఒక్కో ప్రశ్నకి ఎవరి తల ఎటు తిరిగిందో లైటు వెలుగులో అందరికీ కనబడేది.

తర్వాత మాట్లాడాలనుకున్నవాళ్లు వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న అయ్యగారి దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లేవాళ్లు. అక్కడేం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. కొందరు కళ్లు తుడుచుకుంటూ వచ్చి పేరు రాయించుకునేవాళ్లు. కొందరు అటునుంచి అటే ఎవరింటికో వెళ్లి, ఆ తర్వాత వచ్చేవాళ్లు. ఒకాయన రాత్రి భోజనాల వేళకి వచ్చి తలుపు కొట్టి, "ఇప్పుడు రాసుకోండి పంతులుగారూ, తేల్చుకుని వచ్చాను" అనడం నాకు బాగా గుర్తు. ఎవరితో, ఏం తేల్చుకున్నాడో తాతయ్య అడగలేదు. అన్నం కలిపిన చెయ్యి కడుక్కుని పేరు రాశాడు.

ఇప్పుడు పిడికెడు బియ్యం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవాళ్లు. అది దేవుడి భాగం. ఆదివారం ముంతలన్నీ గుడికి తెచ్చి ఒకే గంపలో పోసేవాళ్లు. కొందరివి దొడ్డు బియ్యం, కొందరివి నూకలు, ఇంకొందరివి జొన్నలు. ఆరాధన అయ్యాక వేలం. దాంతోపాటు ఎవరైనా తెచ్చిన సొరకాయ, కోడిపెట్ట, కొత్తగా ఈనిన గేదె జున్నుపాలు. వచ్చిన డబ్బుతో గుడికి కిరసనాయిలు, పెంకులు, ముసలివాళ్లకు మందులు.

మా ఇంట్లో తినే నోళ్లెక్కువ, తాతయ్య జీతం చిన్నది. అందుకని గంప బియ్యం ఎక్కువసార్లు మేమే పాడుకునేవాళ్లం. తాతయ్య పాట మొదలుపెడితే ఇంకెవరూ పాడేవాళ్లు కాదు. పంతులుగారి మీద పోటీకి దిగడమేమిటి అని. ఆయన అన్న మొదటి పాటకే గంప మా ఇంటికి వచ్చేది. ఇందులో మోసం లేదు. ఎవరినీ బెదిరించలేదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా ఇచ్చేవాళ్లు సంతోషంగా గంప మా వాకిట దించి వెళ్లేవాళ్లు. అలా ఏళ్లు గడిచాయి. నాయనమ్మ ఆ బియ్యం వండుతూ "దేవుడు పోషిస్తున్నాడు" అని కృతజ్ఞత చెప్పేది. నాకు ఆ అన్నం రుచి ఇప్పటికీ గుర్తే, రకరకాల బియ్యం కలిసి ఒక మెతుకు ఉడికీ ఒక మెతుకు ఉడకకా ఉండేది.

ఒక శనివారం తాతయ్య యజమాని ఒప్పుకోలు చదువుతున్నాడు. నాసి సరుకు, ఎక్కువ ధర, తక్కువ కొలత. మేమందరం పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలామె వెనక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చదువు రాదు. చెవులు మాత్రం చురుకు. "అమ్మేవాళ్ల సంగతి అడిగారు, కొనేవాళ్ల సంగతి లేదా పంతులుగారూ ఆ పుస్తకంలో?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు ఉంది. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరికీ అర్థమవుతూ వచ్చింది, ఎవరూ తాతయ్య వైపు చూడలేదు. సంఘ పెద్ద ఒకాయన "ఊరుకోవే ముసలీ" అన్నాడు. తాతయ్య చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. "లేదమ్మా," అన్నాడు. "పుస్తకంలో లేదు."

ఆ రాత్రి నోటుబుక్కులో అందరి పేర్లూ రాశాడు. తన పేరు రాసుకోలేదు. మర్నాడు గంట కొట్టాడు, అయ్యగారి పక్కన నిలబడి కీర్తనలు ఎత్తుకున్నాడు, అందరూ బలిపీఠం దగ్గరికి వెళ్తుంటే బెంచీలో కూర్చుండిపోయాడు. ఉపదేశి సంస్కారం తీసుకోకపోవడం ఆ ఊళ్లో అదే మొదలు. అయ్యగారు చూసి ఏమీ అనలేదు. వేలం దగ్గర తాతయ్య కొత్త కట్టుబాటు చెప్పాడు. గంప బియ్యం పాట కోమటి కొట్టు ధర నుంచే మొదలవ్వాలి, ఉపదేశి ఇల్లు ఇక పాడదు.

వెనకటి లెక్క ఎలా తేల్చాలన్నది పెద్ద చిక్కయింది. బైబిల్లో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిచ్చాడు కదా అన్నారెవరో. "జక్కయ్యకి డబ్బుంది" అంది నాయనమ్మ. ఆవిడకి ఈ వ్యవహారమంతా నచ్చలేదు. ఎవరికీ లేని పట్టింపు ఈయనకెందుకని చాలా రోజులు పళ్లేలు గట్టిగా పెట్టి వడ్డించింది. చివరికి మా దొడ్లోని చింతచెట్టు కాపు ఏటేటా గుడికి రాసిచ్చాడు తాతయ్య. తర్వాతి సంస్కారానికి తన పేరు రాసుకున్నాడు. ఆ తర్వాత ఈ విషయం ఎవరూ ఎత్తలేదు. ఆయన కూడా దీన్ని సాక్ష్యంగా ఎక్కడా చెప్పలేదు. ఈ రోజుల్లో అయితే వీడియో చేసి పెట్టేవాళ్లేమో!

తాతయ్యను తలుచుకుంటే గౌరవం తప్ప ఇంకోటి రాదు నాకు. అయినా ఒక మాట రాయాలి. ఆయన ప్రశ్నల్లో ఎప్పుడూ రానిది ఒకటుంది. రోడ్డుకి అవతల ఇంకో పేట, వాళ్లకి ఇంకో గుడి, ఇంకో మిషన్. గుంటూరు జిల్లాలో చాలా ఊళ్లలో ఇదే కథ. ఒక కులం వాళ్లు ఒక మిషన్‌లో, ఇంకో కులం వాళ్లు ఇంకో మిషన్‌లో చేరారు. ఒకే బైబిలు, ఒకే యేసు, పాటల్లో కూడా సగం ఒకటే. వాళ్ల క్రిస్మస్ చెట్టు చూడ్డానికి మేం పోయేవాళ్లం, మా పెట్రోమాక్స్ లైటు చూడ్డానికి వాళ్లు వచ్చేవాళ్లు. కానీ వాళ్లింట్లో మంచినీళ్లు తాగి వస్తే నాయనమ్మ ఊరుకునేది కాదు. పెళ్లి మాట అయితే తలపులో కూడా లేదు. ఊళ్లో పెద్దకులాలవాళ్లు మమ్మల్ని బావి దగ్గర ఎలా నిలబెట్టేవాళ్లో కన్నీళ్లతో చెప్పే మనుషులే ఇలా చేసేవాళ్లు. శనివారం ప్రశ్నల్లో మిరపకాయలున్నాయి, పొగాకు కట్టలున్నాయి, అత్తాకోడళ్లున్నారు. రోడ్డు లేదు.

కాలేజీకి వచ్చాక ఒకసారి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం పూర్తిగా చదివాను. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలి అన్న మాట ప్రతి సంస్కారానికీ విన్నదే. కానీ దాని ముందున్న వచనాలు మా గుడిలో అంత గట్టిగా చదివిన గుర్తు లేదు. కొరింథులో విందు దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారు. ఒకడు ఆకలితో, ఒకడు మత్తుగా. పేదల్ని సిగ్గుపరుస్తారా అని అడుగుతాడు పౌలు. పరీక్షించుకోమన్న మాట ఆ పంక్తి గురించి అడిగాక వస్తుంది. ఎవరు ముందు తిన్నారు, ఎవరు బయట ఉండిపోయారు అన్నదే అక్కడ అసలు సంగతి. మనం దాన్ని ఎవరి మనసులో వాళ్లు కళ్లు మూసుకుని చేసుకునే పనిగా మార్చుకున్నాం. కళ్లు మూసుకుంటే పక్కవాడు ఎలాగూ కనబడడు.

మా అత్తగారిది మెదక్ వైపు, వెస్లియన్ మిషన్ నాటి సంఘం. ఆవిడ చిన్నప్పుడు చిన్న చిన్న గుంపులుగా వారం వారం కూర్చుని మాట్లాడుకునేవాళ్లట. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో తన గుంపులకు రాసిన నియమాలు చదివితే నాకు చెమట్లు పట్టాయి. పోయిన కూటం నుంచి ఇప్పటిదాకా తెలిసి చేసిన పాపాలేంటి అని మొదటి ప్రశ్న. నలుగురైదుగురి ముందు, ప్రతి వారం. మనకి వాట్సాప్ గ్రూపులో "ప్రైజ్ ద లార్డ్" పెట్టడానికి కూడా తీరిక లేదు.

ఇప్పుడు మేముండేది హైదరాబాద్‌లో. మా చర్చి పెద్దది. ఏసీ, తెరలు, కారు పార్కింగుకి వాలంటీర్లు. సంస్కారానికి ముందు పాస్టరుగారు "మనల్ని మనం పరీక్షించుకుందాం" అంటారు, కీబోర్డు మెల్లగా వాయిస్తారు, అర నిమిషం గడుస్తుంది, వరస కదులుతుంది. ఆ అర నిమిషంలో చాలామందికి పొయ్యి మీద పెట్టి వచ్చిన బిర్యానీ గుర్తొస్తుందని నా అనుమానం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీస్తాం. ఒకరికి "నేను నీకు తోడైయున్నాను", ఒకరికి "నిన్ను తలగా నియమించును". ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి రాసిన మాట, నులివెచ్చగా ఉన్నావు కాబట్టి నిన్ను ఉమ్మేస్తాను అన్నది, వచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు. వస్తే ఫ్రిజ్ మీద అంటించుకుంటామా?

లవొదికయ ఇప్పటి తుర్కియేలో ఉంది. ఆ రోజుల్లో డబ్బు లావాదేవీలకు, నల్ల ఉన్నికి, కంటి మందుకి పేరుపడ్డ ఊరు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు పాడైతే రోమా ప్రభుత్వం సాయం తీసుకోకుండా తమ డబ్బుతోనే కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. నాకేమీ కొదువలేదు అని వాళ్లు చెప్పుకోవడం ఊరికే కాదు, నిజంగానే ఏ కొదవా లేదు. ఒకవైపు హియెరాపొలిలో వేడినీటి బుగ్గలు, ఇంకోవైపు కొలొస్సయిలో చల్లని నీళ్లు. లవొదికయకు మాత్రం రాతి గొట్టాల్లో దూరం నుంచి నీళ్లొచ్చేవి. ఆ గొట్టాల్లో పేరుకున్న సున్నం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ సంఘాన్ని నులివెచ్చన అన్నది ఆ నీళ్లను చూసేనని చాలామంది పండితులు చెబుతారు. రెంటచింతల ఎండల్లో పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు అలాగే ఉంటాయి, దాహం తీరదు, నోట్లో పోసుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది. తలుపు బయట నిలబడి తడుతున్నానని ప్రభువు చెప్పింది ఆ సంఘానికే. మనం ఆ వచనాన్ని బయటివాళ్లకి ఇచ్చే కరపత్రాల మీద అచ్చువేస్తాం.

ఈ ఏడు ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలంలో మా చర్చి కమిటీని ఒకటి అడిగాను. తాతయ్య చదివిన ఆ ప్రశ్నలు సంస్కారానికి ముందు చదివితే ఎలా ఉంటుందని. ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యలో పార్కింగు ఖాళీ అవ్వాలి, టైము లేదన్నారు. అది నిజమే. బుధవారం సాయంత్రం కూటంలో పెట్టుకోమన్నారు. వచ్చేది చాలా కొద్దిమంది, ఎక్కువగా రిటైరైనవాళ్లం. పుస్తకంలోది చదివాక ఎవరి స్థానం వాళ్లు చెప్పుకోవాలి. మొదటి వారం అందరం తల్లులం, తండ్రులం, తాతలం అని చెప్పి ఊరుకున్నాం. రెండో వారం సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు వచ్చాడు. నేను టీమ్ మేనేజర్ని ఆంటీ, అప్రైజల్ రేటింగ్‌లో ఎవరినో ఒకర్ని కింద పెట్టాలి, ఎదురు మాట్లాడని పిల్లని పెట్టాను, అది ఏ ఆజ్ఞ కింద వస్తుంది అని అడిగాడు. దొంగతనమని ఒకరు, అబద్ధ సాక్ష్యమని ఒకరు, ఉద్యోగంలో అవన్నీ మామూలేనని ఒకరు. ఇంట్లో పనిమనిషికి పండగ సెలవు రోజు జీతం కోసే సంగతి ఒకావిడ తనే ఎత్తింది. వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పాలనేదాకా సాగింది. ఆ కుర్రాడికి ఎవరం తేల్చి చెప్పలేదు, అతనే ఆ అమ్మాయితో మాట్లాడతానన్నాడు.

వెళ్లేటప్పుడు మెట్ల మీద ఒక పెద్దావిడ, "వచ్చే బుధవారం అత్తాకోడళ్ల ప్రశ్న తీసుకుందామమ్మా" అన్నారు. కోడలిని కూడా తీసుకొస్తారా అని అడిగితే, ముందు నేనొక్కదాన్నే వస్తాలే అన్నారు.